ఎనిమిది బిట్లని ఊరికే నమ్మని మా సార్

మా కంప్యూటర్ సార్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పడింది. పూలదండ బొమ్మ, జోడించిన చేతులు, కింద రెండు పంక్తులు. ఏ గ్రూపులోనైనా అలాంటి కబురు కింద సంతాపాలు వరసగా వస్తాయి. మా గ్రూపులో వచ్చిన మొదటి జవాబు, "ఎవరు చెప్పిండు?" రెండోది, "చూసినవా, విన్నవా?" మూడోది నాది, ఇంకా సిగ్గులేనిది: "ఏ ఊరి సారు, పూర్తిగ రాయి."

బయటివాళ్ళెవరైనా చూస్తే చెప్పు తీసుకునేవాళ్ళు. కానీ అది అమర్యాద కాదని పాఠకులు గ్రహించాలి. అది మూడేళ్ళ శిక్షణ. ఆ శిక్షణ ఇచ్చిన మనిషి గురించే ఆ కబురు. చివరికి జూలూరుపాడులోనే ఉండే మా క్లాస్‌మేట్ ఒకామె స్కూటీ మీద సార్ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో చెప్పులు గుట్టగా ఉన్నాయట. లోపలికి పోయి, బయటికి వచ్చి, గ్రూపులో ఒక్క మాట పెట్టింది: "చూసిన."

అప్పుడు నమ్మాం. సంతాపాలు ఆ తర్వాతే పెట్టాం.

టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిందట. "ఆగిందట" అని రాయడం సార్‌కి నచ్చదు. నేను చూడలేదు కాబట్టి అంతకన్నా గట్టిగా రాయలేను.

సార్ రోజూ జూలూరుపాడు నుంచి కొత్తగూడెంలో మా కాలేజీకి బస్సులో వచ్చేవారు. బస్సు నుదుటి మీద ఊరి పేరు అరచేతంత అక్షరాలతో ఉంటుంది. సార్ అది చదివి, డ్రైవర్ని అడిగి, కండక్టర్ని అడిగి, కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మని కూడా అడిగి, అప్పుడు ఎక్కేవారు. కండక్టర్లు ఆయన్ని చూడగానే ముందే తల ఊపేవాళ్ళు. ఒకరోజు బోర్డు మార్చడం మరిచిపోయిన బస్సొకటి స్టాపులో ఉన్న పదిమందినీ వేరే ఊరికి మోసుకుపోయింది. ఆ రోజు సార్ ఒక్కరే క్లాసుకి టైముకి వచ్చారు. రాకపోతే బాగుండునని మేం అనుకున్నాం, అది వేరే సంగతి.

మందుల షాపులో మాత్రల షీటు మీది తేదీ తను చదివి, షాపతన్ని చదవమని, ఇద్దరి చదువూ కలిస్తేనే జేబులో వేసుకునేవారు. కరెంటు మెయిన్ ఆఫ్ చేశాక కూడా టెస్టర్ పెట్టి చూసేవారు. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంకో ప్లగ్గులో పెట్టేవారు. మనుషుల మీద ఆయనకి కోపం ఉండేది కాదు, నమ్మకమూ ఉండేది కాదు. ఆ రెండూ ఒకటి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి సంవత్సరం మొదటి క్లాసులో ఆయన అడిగింది చిన్న ప్రశ్న. బైట్ అంటే ఎన్ని బిట్లు? కంప్యూటర్ అర్థం చేసుకునేది సున్నా, ఒకటి అనే రెండు గుర్తులనే. ఆ గుర్తు ఒక్కోటీ ఒక బిట్. కొన్ని బిట్లని గుత్తిగా కడితే బైట్. ఇది ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. నలభై మందిమీ ఒకే గొంతుతో "ఎనిమిది" అన్నాం.

"ఎవరు చెప్పిండు?" అన్నారు సార్.

పుస్తకం అన్నాం.

"పుస్తకానికెవరు చెప్పిండు?"

గంట కొట్టేదాకా దానికి జవాబు సార్ దగ్గర కూడా ఉన్నట్టు కనిపించలేదు. ఆ రోజు మాకు పుట్టిన అనుమానం చాలాకాలం పోలేదు: ఈయనకి తెలిసి అడుగుతున్నాడా, తెలియక మమ్మల్ని అడుగుతున్నాడా? ఇంటర్నల్ పరీక్షలో అదే ప్రశ్న ఒక మార్కుకి ఇచ్చారు. నేను ఎనిమిది అని రాశాను. అర మార్కు వేసి, పక్కన ఎర్ర పెన్నుతో "ఎక్కడ?" అని రాశారు. తర్వాతి పరీక్షలో నేను తెలివి ఉపయోగించి "సార్ ఎంతంటే అంత" అని రాశాను. సున్నా వేసి, పక్కన "నేనెవర్ని?" అని రాశారు. ఆ కాగితం చాలా రోజులు హాస్టల్లో చేతులు మారింది.

తర్వాత, ఆయనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు, సంగతి కొంచెం కొంచెం బయటపెట్టారు. పూర్వం ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కో బైట్ ఉండేదట. ఆరు బిట్లది, ఏడు బిట్లది, తొమ్మిది బిట్లది. సి భాషకి రాసుకున్న ప్రమాణం ఈనాటికీ బైట్ ఎనిమిదికి తగ్గకూడదని మాత్రమే అంటుంది, ఎనిమిదే అనదు. బైట్‌కి పదహారు బిట్లున్న చిప్పుల మీద కూడా సి నడుస్తుంది. నెట్‌వర్కుల ప్రమాణాలు రాసినవాళ్ళు ఈ తలనొప్పి పడలేక ఆక్టెట్ అని వేరే మాట పెట్టుకున్నారు. అది అచ్చంగా ఎనిమిది, దాంట్లో బేరం లేదు. కొలతల మీద వచ్చిన ఇంకో ప్రమాణం, బైట్ అన్న మాటని ఎనిమిదికే వాడడం మంచిదని సలహా చెప్పింది.

"మంచిదన్నరు. తప్పదన్నరా?" అని సార్ బోర్డు వైపు అనుమానంగా చూశారు, బోర్డే ఆ ప్రమాణం రాసినట్టు.

మాకు అర్థం కాలేదని ఆయనకి అర్థమైంది. సుద్దముక్క కింద పెట్టి, మానిక సంగతి చెప్పారు. వాళ్ళ అవ్వ గింజలు కొలిచే మానిక వేరట, అంగడిలో కొలిచే మానిక వేరట. ఇంట్లో నాలుగు మానికలని కొలిచి తీసుకుపోతే అంగట్లో మూడున్నర అయ్యేదట. అవ్వ అబద్ధం ఆడలేదు, అంగడతనూ ఆడలేదు. "రెండూ మానికలే. ఏ మానికతోని కొలుస్తున్నవో ముందుగల చెప్పుకోవాలె. ప్రమాణం అంటే గంతే. చెప్పుకోకుంట కొలిస్తే ఇద్దరు మంచోళ్ళే ఒకల్నొకలు దొంగ అనుకుంటరు."

నేను దాన్ని నోట్సులో రాసుకున్నాను. అర్థం చేసుకున్నానని మాత్రం చెప్పను. ఎందుకంటే ఆ తర్వాత జరిగింది ఇది.

డిగ్రీ అయ్యాక నాకు అశ్వారావుపేట వైపు ఒక ప్రైవేటు కాటా దగ్గర ఉద్యోగం దొరికింది. కాటా అంటే ట్రాక్టరు మొత్తాన్ని ఎక్కించి తూచే ఇనుప వేదిక. పామాయిల్ గెలల ట్రాక్టర్లు వరసగా వస్తాయి. వేదిక కింద తూకం, గోడ మీద ఎర్రంకెలు చూపించే పెట్టె, దాని నుంచి ఒక వైరు కంప్యూటర్‌కి, కంప్యూటర్ నుంచి చీటీ. నా హోదా సిస్టమ్ ఆపరేటర్. పని, చీటీ చింపి కిటికీలోంచి ఇవ్వడం.

ఒకరోజు పాత కంప్యూటర్ చచ్చిపోయింది. సత్తుపల్లి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చి కొత్తది పెట్టి, తూకం వస్తోందని చూపించి వెళ్ళాడు. మధ్యాహ్నం ట్రాక్టర్లు లేవు. ఊరికే కూర్చోలేక నేను తూకం వైరు సెట్టింగులు తెరిచాను. డేటా బిట్లు ఏడు, పారిటీ ఈవెన్ అని ఉంది. నాకు నవ్వొచ్చింది. ఏడేంటి? డిగ్రీ చదివినవాడిని, బైట్‌కి ఎనిమిదని లోకమంతా చెబుతుంటే, ఈ ఐటీఐ కుర్రవాడు ఏడు పెట్టిపోయాడు. ఎనిమిది చేశాను, పారిటీ తీసేశాను. బైట్ మీద మూడేళ్ళు పాఠం విన్న నేనే ఆ పని చేశానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఈ సంగతి రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

నా ఖర్మ ఏమిటంటే, ఆ తర్వాత వచ్చిన మొదటి బండి మా ఓనరు బామ్మర్ది ట్రాలీ. ఎర్రంకెల్లో 6530. చీటీలో 6530. నేను చాలా సంతోషించి, ఆ మార్పు సంగతే మరిచిపోయాను. మర్నాడు పొద్దున పక్క గూడెం నుంచి ఒక పెద్దాయన కిరాయి ట్రాక్టర్లో గెలలు తెచ్చాడు. గోడ మీద 4720. చీటీలో మూడు ఖాళీలు, చివర ఒక సున్నా. ప్రింటర్ రిబ్బన్ పోయిందనుకుని ఖాళీల్లో పెన్నుతో అంకెలు నింపి ఇచ్చాను. అలా అయిదు రోజులు. కొందరి చీటీ పూర్తిగా వచ్చేది, చాలామందిది గళ్ళు పడేది. గళ్ళు పడ్డవన్నీ నేను నింపాను. బామ్మర్ది చీటీ రెండోసారి కూడా శుభ్రంగా వచ్చింది, 6390.

అయిదో రోజు పెద్దాయన తన చీటీలన్నీ చొక్కా జేబులోంచి తీసి నా కిటికీ మీద పరిచాడు. అరవలేదు. "ఓనరు బామ్మర్ది చీటీ మిషన్ రాస్తది. నా చీటీ నువ్వు రాస్తవ్. ఎందుకు పిల్లగా?"

"మిషన్ ఖరాబైంది తాతా."

"ఆయనకు ఖరాబు గాదా?"

వెనక నిలబడ్డ రైతుల్లో గూడేలవాళ్ళున్నారు, కోస్తా నుంచి వచ్చి తోటలు వేసుకున్నవాళ్ళున్నారు. మామూలుగా ఒకరి మాట ఒకరికి పడదు. నేను దొంగనన్న విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యారు. ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. "ఎల్లుండి దాంక చూస్త. మిషన్ దొంగనో నువ్వు దొంగవో తేలాలె" అన్నాడు. తేలకపోతే ఉద్యోగమే కాదు, స్టేషన్‌కి పోతామని రైతులు అప్పటికే అనేశారు. ఆ మాట నాకంటే ముందు మా ఇంటికి చేరింది. మా అమ్మ నీళ్ళకి నల్లా దగ్గరికి పోవడం మానేసింది.

నేను జూలూరుపాడు పోయి సార్‌కి చెప్పాను. ఆయన మొత్తం విని, నిజంగా నువ్వు తీయలేదు కదా అని అడిగారు. లేదన్నాను. "సరే, వచ్చి చూస్త" అన్నారు. నమ్ముతున్నానని అనలేదు.

మర్నాడు వచ్చి ముందు కాటా మీద ఆయనే ఎక్కారు. గోడ మీద 60 అని పడింది. ఇంట్లో అరవై రెండున్నానని అనుమానపడ్డారు. ఇది పది కిలోల చొప్పునే చూపిస్తుందని చెప్పాను. దిగి, సున్నా అయిందని చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి, అప్పుడు లోపలికి వచ్చారు. కంప్యూటర్ ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని ఒక కాగితం మీద రెండు వరసలు గీసుకుని, వచ్చిన ప్రతి ట్రాక్టరుకీ గోడ మీది అంకె ఒక వరసలో, చీటీ మీది అంకె ఇంకో వరసలో రాసుకుంటూ పోయారు. పెద్దాయన, ఇంకో నలుగురు రైతులు కిటికీ బయట నిలబడి ఆయన్ని కూడా అనుమానంగానే చూస్తున్నారు.

పది పన్నెండు బండ్లు పోయాక సార్ పెన్ను ఆపారు. "సున్న, మూడు, అయిదు, ఆరు, తొమ్మిది. గీ అయిదు ఎన్నడు మాయమైతలెవ్వు. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది ఎన్నడు వస్తలెవ్వు. రిబ్బన్‌కు గంత తెలివుంటదారా?"

ఆ తర్వాత ఒక్కో అంకెనీ ఆ పెట్టె ఎలా పంపుతుందో బిట్లలో రాసి చూపించారు. పాఠకులకి ఓపికుంటే చెబుతాను. పెట్టె అంకెని ఏడు బిట్లలో పంపి, ఎనిమిదో చోట కాపలాకి పారిటీ అనే ఒక బిట్ పెడుతుంది. మొత్తం ఒకట్లు సరిసంఖ్యలో, అంటే ఈవెన్‌గా, ఉండేలా చూడడమే దాని పని. దారిలో ఏదైనా చెడితే తెలుస్తుంది. అయిదు అంకెల్లో ఒకట్లు ముందే సరిసంఖ్యలో ఉన్నాయి కాబట్టి కాపలా బిట్ సున్నా, దానివల్ల హాని లేదు. మిగతా అయిదింటిలో అది ఒకటి అవుతుంది. అవతల చదివేవాడు ఏడుకి బదులు ఎనిమిదీ అక్షరమే అనుకుంటే అంకె కాస్తా గుర్తుపట్టరాని అక్షరమై, ఖాళీ పడుతుంది. "కాపలావాన్ని గూడ ఇంట్ల మనిషనుకున్నది మీ కంప్యూటరు" అన్నారు సార్.

ఆయన నాలుగో అంకె దగ్గర ఉండగానే నాకు అంతా అర్థమైంది. సెట్టింగులు తెరవమన్నారు. తెరిచాను. ఎనిమిది అని ఉంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

దొంగ కానని రుజువు కావాలంటే మూర్ఖుడినని ఒప్పుకోవాలి, అదీ మా సార్ ముందు, కిటికీ బయట అంతమంది ముందు. "కంప్యూటర్ పెట్టినాయన పెట్టుంటడు సార్" అన్నాను.

"పెట్టుంటడా?" అన్నారు సార్. అంతే. ఆ చూపు బస్సు బోర్డుని చూసే చూపు.

ఏడు చేసి, ఈవెన్ పెట్టించారు. తర్వాతి ట్రాక్టరుకి చీటీ పూర్తిగా వచ్చింది. సార్ దాన్ని పట్టుకుని బయటికి పోయి రైతులకి చెప్పారు, తూకం సరిగ్గానే ఉంది, చీటీ చదివే తీరు తప్పింది, ఈ పిల్లవాడు రాసిన అంకెలన్నీ గోడ మీదివే అని. మరి తప్పు పెట్టిందెవరని ఓనరు అడిగాడు. "నేను చూడలే. చూడంది చెప్ప" అన్నారు సార్. ఓనరు నా వైపు చూశాడు. నేను టెక్నీషియన్ అనే చెప్పాను. ఈసారి "ఉంటడు" కూడా లేదు.

నా ఉద్యోగం నిలిచింది. మా అమ్మ నల్లా దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. ఆ టెక్నీషియన్ని మా ఓనరు మళ్ళీ పిలవలేదు. ఓనరు చెప్పగా ఇంకో రెండు కాటాలవాళ్ళు కూడా పిలవడం మానేశారు.

ఆ తర్వాత సార్‌ని మూడుసార్లు కలిశాను. మూడుసార్లూ నా ఉద్యోగం సంగతి, మా అమ్మ సంగతి అడిగి, లేవబోయే ముందు ఒక్క మాట అడిగేవారు: "ఆ టెక్నీషియన్ ఏం జేస్తుండు?" తెలియదు సార్ అనేవాణ్ణి. ఆయన తల ఊపి ఊరుకునేవారు. ఆయనకి తెలుసా? అనుమానమా? ఊరికే అడిగారా? మూడోసారి ఆయన నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ఆయన ఆ బస్సు ఎక్కడికి పోతుందో కిటికీ పక్కన ఎవరో ముసలమ్మని అడగడంలో ఉన్నారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

పదో రోజు కర్మకి జూలూరుపాడు పోయాను. భోజనాల దగ్గర కుర్చీలు సర్దుతున్న మనిషిని చూసి చేతిలో విస్తరి కింద పెట్టేశాను. సత్తుపల్లి టెక్నీషియన్. ఇతనికి సార్ ఎలా తెలుసు? పక్కకి పిలిచి అడిగాను.

"కాటా కాడ గొడవైన వారమే సారు మా షాపుకొచ్చిండన్నా. ఏం పెట్టినవ్ అని అడిగిండు. నేను ఏ మిషన్ బిగిచ్చినా ఆఖరుకు స్క్రీన్ ఫొటో తీస్కుంట. సూపిచ్చిన. ఏడు, ఈవెన్. సారు ఫొటో తీసిన టైము గూడ సూసిండు."

"మరి నువ్వు మా ఓనర్‌కి చూపియ్యలే?"

"పోదామనే అనుకున్న. సారే జర ఆగు అన్నడు. వాడే వచ్చి చెప్తడు అన్నడు. మీకెట్ల తెలుసు సార్ అన్న. తెల్వదు, గని చెప్తడు అన్నడు." చేతిలో కుర్చీ కింద పెట్టి, "పోయిన పనికి బదులు మీ కాలేజీ ల్యాబ్ రిపేర్లు ఇప్పిచ్చిండు. రెండేండ్లాయె" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఊరి పేరు రాసున్న బస్సుని ముగ్గురిని అడిగితేగాని నమ్మని మనిషి, నేను ఒప్పుకుంటానా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. రుజువు నాకు వ్యతిరేకంగా ఉంది, టైముతో సహా. అయినా నమ్మారు. నిజంగా నమ్మారా, లేక నేను ఎప్పటికైనా ఈ మాట వింటానని తెలిసి పెట్టిపోయారా? ఆ అనుమానం నాకు ఇంకా తీరలేదు. తీర్చగలిగిన మనిషి ఒక్కరే. నేను రెండేళ్ళు ఆలస్యం చేశాను.

మర్నాడు పొద్దున టెక్నీషియన్ని వెంటబెట్టుకుని కాటాకి పోయాను. ఓనరు ముందు, ట్రాక్టర్లతో వరసలో ఉన్న రైతుల ముందు, ఆ ఏడుని ఎనిమిది చేసింది నేనే అని చెప్పాను. ఓనరు కంప్యూటర్ కుర్చీ టెక్నీషియన్‌కి చూపించాడు. నన్ను బయట నిలబడి ట్రాక్టర్లని వేదిక మీదికి ఎక్కించమన్నాడు. చక్రాలన్నీ గీతలోపల ఉండేలా చెయ్యి ఊపడం ఇప్పుడు నా పని. పంపేయనందుకు ఆయనకి రుణపడి ఉన్నాను.

గూడెం పెద్దాయన మాత్రం నమ్మలేదు. "రెండేండ్లు సప్పుడు జెయ్యలే. సారు పోంగనే నేనే అంటున్నవ్. ఎవల్ని కాపాడుతున్నవ్ పిల్లగా?" అన్నాడు. ఎవర్నీ కాదు తాతా అన్నాను. "సూద్దాం" అని బండి ఎక్కించమన్నాడు.

చక్రాలు గీతలోపలికి వచ్చాక చెయ్యి ఊపాను. పెద్దాయన దిగి, కిటికీ దగ్గర చీటీ తీసుకుని, దాన్ని అరచేతిలో పరుచుకుని గోడ కిందికి నడిచాడు. ఎర్రంకెల వైపు తలెత్తి, చీటీ మీద మొదటి అంకె పైన వేలు పెట్టాడు. మళ్ళీ తలెత్తాడు. రెండో అంకె మీదికి వేలు జరిపాడు. వెనక ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు.